ముఖం కనపడేదాకా తోమిన డిష్

సరికయ,
12 మే 1992

అక్కా,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టలేను. అందరం అనడానికి ఎవరున్నారు? నేనున్నాను, నువ్వు వదిలిపోయిన పిల్లి ఉంది, గోడ అవతల ఖాదిర్ మామ దగ్గుతున్నాడు. అరవై గడపల ఊళ్ళో ఇవాళ పొద్దున ఇరవై రెండు పొగగొట్టాల్లోంచి పొగ వచ్చింది. మిగతా ఇళ్ళకి మూడేళ్ళ క్రితం సరిహద్దు దాటుతూ మీరంతా వేసిపోయిన తాళాలు తుప్పు పట్టాయి.

ట్రాక్టర్ల షెడ్డు మూసేశారు. తొమ్మిదిమంది వెల్డర్లని వరసగా నిలబెట్టి ఒక కాయితం చదివారు. చదివినాయన నన్ను పక్కకి పిలిచి, "నువ్వు మంచి పనివాడివి. సరిహద్దు దాటి తురక దేశంలో మీవాళ్ళ దగ్గరికి పో, నీకక్కడ బతుకుతెరువు ఉంటుంది" అన్నాడు. నేను పుట్టిన ఊళ్ళో నన్ను నిలబెట్టి మీవాళ్ళ దగ్గరికి పొమ్మంటాడు. "మావాళ్ళు ఇక్కడే ఉన్నారు, శ్మశానంలో. వెళ్ళి అడుగు" అన్నాను. ఆయన కాయితం మడుచుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు నా చేతిలో సుత్తి ఉందనుకుంటాను.

సరే, అసలు విషయం. నేను డిష్ చేస్తున్నాను. కొనడం లేదు, చేస్తున్నాను. ఆకాశంలోంచి టీవీ పట్టే డిష్. అడ్డంగా రెండు మీటర్లు. షెడ్డు తుక్కులో అల్యూమినియం రేకులు దొరికాయి. పన్నెండు రేకులు, తామర పువ్వుకి రేకలున్నట్టు. వంపు ఎలా రావాలో ఒక పాత రష్యన్ పత్రికలో బొమ్మ ఉంది. లెక్క అర్థం కావడానికి పదకొండు రోజులు పట్టింది. నేను ఎనిమిదో తరగతితో ఆపానని నీకు తెలుసు. పన్నెండో రోజు అర్థమైంది.

రెండు మీటర్లు ఎందుకురా, చిన్నది చాలదా అంటావు. నాన్న గుర్తున్నాడా, మన భాష నిషేధించిన రోజుల్లో దుప్పటి కప్పుకుని రేడియో చెవికి ఆనించుకుని మన భాషలో వార్తలు వినేవాడు? జులైలో కూడా దుప్పటే. చెమటతో తడిసి బయటికొచ్చేవాడు. బస్టాపులో మన మాట ఒక్కటి ఆడినందుకు నీకు జరిమానా రాసింది గుర్తుందా? దాచుకునేది చిన్నగా ఉండాలి. ఇది దాచుకోడానికి కాదు. రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనపడాలి.

నా చేత కానివి రెండు. ఒకటి, డిష్ ముందు కడ్డీ చివర బిగించే డబ్బా. దాన్ని ఇక్కడ కన్ను అంటున్నారు. రెండోది లోపల టీవీకి తగిలించే రిసీవరు. బుర్సాలో ఇవి వీధికో దుకాణంలో ఉంటాయట. బుర్సా బస్సు నడిపే ఇస్మెత్ చేతికి ఇచ్చి పంపు. ఇది కుదిరితే ఇంకా చెయ్యాలి. ఖాదిర్ మామ, కింది వీధివాళ్ళు ఇప్పటికే అడుగుతున్నారు.

నన్ను అక్కడికి రప్పించడానికి నువ్వు రాసిన ప్రవేశపు కాయితం సంగతి తర్వాత.

ఫిక్రెత్


బుర్సా,
3 జూన్ 1992

నా చిన్న తమ్ముడికి, కళ్ళ మీద ముద్దులతో,

నీ ఉత్తరం మా ఆయనకి చదివి వినిపించాను. "వీడు అక్కడ కూడా ఖాళీగా ఉండడు" అని నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

కన్ను, రిసీవరు కొన్నాను. ఇస్మెత్ అన్న సీటు కింద పెట్టుకుని తెస్తాడు. కన్నుని నా ఊలు షాలులో చుట్టాను. షాలు నువ్వే ఉంచుకో, అక్కడి చలి నాకు తెలుసు. దుకాణం కుర్రాయనకి నీ సంగతి చెబితే నమ్మలేదు. "చేత్తో చేసిన డిష్లో బొమ్మ రాదమ్మా" అన్నాడు. "మా తమ్ముడి చేతులు నువ్వు చూడలేదు" అన్నాను.

నువ్వు డిష్లు చేసి అమ్ముతున్నావని తెలిసి నా గుండె కుదుటపడింది. పది అమ్మితే ఇక్కడికి వచ్చాక ఎవరి ముందూ తలవంచకుండా మొదటి చలికాలం గడుపుతావు. కాయితం గడువు అక్టోబరు ముప్పయ్యొకటి. ఆ తర్వాత మళ్ళీ మొదటినుంచీ తిరగాలి. బస్సుల బాడీలు కట్టే షెడ్డులో మేస్త్రీతో మాట్లాడాను, వెల్డరు కావాలన్నాడు. మా గదిలో నీకు మంచం వేయడానికి గోడపక్క చోటు కొలిచాను.

ఇక్కడ అంతా తేనె అనుకోకు. రొట్టె దుకాణం దగ్గర మొన్న ఒకావిడ, "ఏయ్ బల్గార్ దానా, వరసలో నిలబడు" అంది. అక్కడ మమ్మల్ని తురకలని తరిమారు, ఇక్కడ బల్గార్లంటున్నారు. నేను వరసలోనే ఉన్నాను. కదల్లేదు. నా రొట్టెలు తీసుకుని, ఆవిడకి దారిచ్చి, "మీరు తినండమ్మా, మాకు ఆకలి అలవాటే" అని వచ్చాను. నూలుమిల్లుకి పనికి పోయి మధ్యాహ్నం దాకా పోగులు తెంపుతూనే ఉన్నాను.

పిల్ల గ్యులాయ్ రోజూ అడుగుతోంది, మామయ్య ఎప్పుడొస్తాడని. అక్టోబరులో అని చెప్పాను.

నీ అక్క
నెఫిజె


సరికయ,
28 జులై 1992

అక్కా,

కన్ను వచ్చింది, రిసీవరు వచ్చింది, షాలు వచ్చింది. ఇస్మెత్ అన్న కన్నుని చంటిపిల్లలా ఎత్తుకుని దించాడు.

పిల్లకి అక్టోబరు అని ఎందుకు చెప్పావు? నేను చెప్పానా? నా ఉత్తరంలో అమ్మకం అన్న మాట ఎక్కడుందో చూపించు. నేను డిష్ పెడుతున్నది అమ్ముకుని పారిపోవడానికి కాదు. పునాది సంగతి చెబుతాను, నీకే అర్థమవుతుంది.

మన వాకిట్లో, రోడ్డు వైపు, నా ఛాతీలోతు గొయ్యి తవ్వాను. గనిలో పారేసిన బోరు గొట్టం నాలుగు మీటర్లది అందులో నిలబెట్టాను. నాలుగు వైపులా తూకం గుండు వేలాడదీసి చూసి, కింద అడ్డకడ్డీలు వెల్డింగు చేసి, పద్నాలుగు బళ్ళ కాంక్రీటు పోశాను. మూడు వారాలు గోనెపట్టాలు తడిపి కప్పాను. ఇదంతా నాకు ఎక్కడ వచ్చిందో తెలుసు కదా? మన కుర్రాళ్ళకి సైన్యంలో తుపాకి ఇవ్వరు, పార ఇస్తారు. రెండేళ్ళు వాళ్ళ వంతెనలకి పునాదులు పోశాను. ఇప్పుడు నా వాకిట్లో నాకు పోసుకున్నాను. ఇంత కాంక్రీటు పోసినవాడు ఊరు వదులుతాడా?

డిష్ ఎత్తిన రోజు నువ్వు ఉండాల్సింది. షెడ్డు నుంచి మన ఇంటికి మూడొందల అడుగులు. బరువు పెద్ద లెక్క కాదు. గాలితోనే తంటా. అయిదుగురం అంచు పట్టుకుని మసీదు మలుపు తిరిగేసరికి గాలి కిందినుంచి దూరింది. డిష్ తెరచాపలా లేచింది, దాంతోపాటు నేనూ లేచాను. నా కాళ్ళు నేల మీద లేవు. అరుగు మీద పొగాకు ఆకు గుచ్చుతున్న ఆడవాళ్ళు సూదులు పక్కన పడేసి పరిగెత్తుకొచ్చారు. ఖాదిర్ మామ పెళ్ళాం ఎమినె అత్త నా బెల్టు పట్టుకుని వేలాడింది.

"వదిలెయ్యరా, అది పోతే పోయింది."

"వదలను."

"అయితే నన్ను కూడా బుర్సా తీసుకుపో, నా చెల్లెల్ని చూసొస్తాను."

అందరూ నవ్వుతూ వచ్చి అంచు పట్టుకోవడంతో బరువు పెరిగి డిష్ కిందికి దిగింది. ఆ తర్వాత దాన్ని నిలువుగా, గాలికి అంచు పెట్టి నడిపించాం. ముందే అలా చెయ్యాల్సింది. గొట్టం తలమీదికి గొలుసు కప్పీతో లాగి, బోల్టులు బిగించేసరికి పొద్దు వాలింది.

మర్నాడు దిక్కు. ఇంత ఇనుము పక్కన దిక్సూచి పనిచేయదు. మిట్టమధ్యాహ్నం గొట్టం నీడ చూసి దక్షిణం గీశాను, అక్కడినుంచి కొంచెం పడమరకి. ఎత్తు కొలవడానికి బడిపిల్లల కోణమాని, దానికి దారం, దారానికి నట్టు. నేను డిష్ కదుపుతుంటే ఎమినె అత్త కిటికీలోంచి అరుస్తోంది. "చుక్కలు… చుక్కలు… ఏదో మనిషి… పోయాడు. తిరిగి తే వాణ్ణి."

తెచ్చాను. ఒకాయన టై కట్టుకుని మన భాషలో ధరల గురించి మాట్లాడుతున్నాడు. పద్నాలుగుమంది నిలబడి విన్నారు. ఖాదిర్ మామ టోపీ తీశాడు.

తర్వాత బయటికొచ్చి డిష్ చుట్టూ తిరిగి, "ఒరేయ్, బుర్సా అటుంది, మనం నమాజుకి తిరిగే కిబ్లా కూడా అటే ఉంది. నువ్వు దీన్ని గ్రీసువాళ్ళ మీదికి తిప్పావేంటి?" అన్నాడు.

"అది బుర్సాని చూడదు మామా. ఆకాశంలో ఒకచోటుని చూస్తుంది. బుర్సావాళ్ళ మాట ముందు అక్కడికి పోతుంది."

"నమాజులాంటిదేనన్నమాట. అయినా అటు తిరిగితే మర్యాదగా ఉండేది."

ఇంకో సంగతి. డిష్ని అద్దంలా తోమాను. సైన్యంలో మా సార్జెంటు వంట గంగాళాలు ఇసుకతో తోమించేవాడు, తన మీసం కనపడేదాకా. మీసం కనపడకపోతే ఆ పూట తిండి లేదు. ఆ తోముడే తోమాను. నా ముఖం కనపడుతోంది, తలకిందులుగా. ఆ బల్గార్ అటవీ కాపలాదారు వెసెలిన్ కొండమీంచి దిగొచ్చాడు.

"పర్మిషన్ ఉందా?"

"నీ అడవిలో చెట్టు కొట్టానా?"

"దీని మెరుపు మధ్యాహ్నం నా గుడిసె కిటికీలోకి కొడుతోంది. కళ్ళు పోతున్నాయి. బూడిదరంగు పూసెయ్, నీకే మంచిది."

"కిటికీకి నువ్వే పూసుకో."

"ఆ మెరుపు ఆర్పించకపోతే నా పేరు వెసెలిన్ కాదు" అని వెళ్ళిపోయాడు. పేరు మార్చుకోవడం ఎంత తేలికో, మీ సర్కారు పేరు మార్చేసిన నన్నడగమని వెనకాల్నుంచి అరిచాను.

అదీ అక్కా సంగతి. నన్ను రమ్మని రాయకు. నేను సైన్యంనుంచి తిరిగొచ్చేసరికి ఇంటి తాళంచెవి రాయి కింద ఉంది. పొయ్యి మీద గిన్నెలో బూజు పట్టిన చిక్కుడుగింజలు. ఒక్క ముక్క కాయితం లేదు. మూడు రోజుల్లో మూట కట్టుకుని పోయినదానివి నాకు ఊరి గురించి చెప్పకు.

ఫిక్రెత్


బుర్సా,
20 ఆగస్టు 1992

ఫిక్రెత్,

ఈసారి ముద్దులు లేవు.

మూడు రోజులని రాశావు. రెండే. మూడో రోజు నేను ఊళ్ళో లేను. ఎక్కడున్నానో మూడేళ్ళుగా నీకు చెప్పలేదు. చెప్పి నిన్ను బాధపెట్టడం ఎందుకనుకున్నాను. ఇప్పుడు పెడతాను.

పోలీసు పాసుపోర్టులు చేతిలో పెట్టి ఆదివారంలోగా దేశం వదిలి పొమ్మన్నాడు. మా ఆయన బండి కోసం తిరుగుతున్నాడు. నేను పిల్లని ఎమినె అత్తకి ఇచ్చి, రెండు బస్సులు, ఒక రైలు ఎక్కి సైన్యంలో నువ్వుండే బరాక్ దగ్గరికి వచ్చాను. గేటు దగ్గర కుర్రాడికి నీ పేరు చెప్పాను. ఫిక్రెత్, సరికయ ఊరు, వెల్డరు.

పట్టీ చూసి, "ఆ పేరువాడు లేడు" అన్నాడు.

"ఉన్నాడు. నా తమ్ముడు."

"పట్టీలో ఉన్న పేరు చెప్పండి."

నాకు తెలుసు పట్టీలో ఏ పేరుందో. మనందరికీ బల్గార్ పేర్లు పెట్టినప్పుడు వాళ్ళు నీకు పెట్టిన పేరు. అది నా నోట్లోకి వచ్చింది, పళ్ళ దగ్గర ఆగిపోయింది. నాన్న నిన్ను ఎత్తుకుని చెవిలో మూడుసార్లు చెప్పిన పేరు ఒకటే. నేను మళ్ళీ ఫిక్రెత్ అన్నాను. అతను మళ్ళీ లేడన్నాడు. మధ్యాహ్నం దాకా అదే. వాడు చెడ్డవాడు కాదు. ఆఖరికి నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "అమ్మా, ఒక్కసారి ఆ పేరు అనేస్తే పిలుస్తాను కదా" అన్నాడు.

అనలేదు. రైలెక్కాను.

ఆ పేరు అని ఉంటే నిన్ను చూసేదాన్ని. మూడేళ్ళుగా రోజూ ఇదే అనుకుంటున్నాను. చిక్కుడుగింజలు పొయ్యి మీద వదిలింది అందుకే. తిరిగొచ్చి నీకు కాయితం రాయడానికి కూర్చున్నాను, ఏం రాయను, నీ గేటు దాకా వచ్చి వెనక్కి పోయానని రాయనా?

మేము పారిపోలేదు. తరిమారు. తేడా తెలిసినవాడివనుకున్నాను.

గడువు అక్టోబరు ముప్పయ్యొకటి. మంచం కొన్నాను. వెనక్కి ఇవ్వను.

నెఫిజె


సరికయ,
10 అక్టోబరు 1992

అక్కా,

గేటు ఉత్తరానికి నెలన్నరగా జవాబు రాయలేదు. మూడుసార్లు మొదలుపెట్టాను. నాకు చేతకాలేదు. ఇవాళ దాని గురించి కాదు రాస్తున్నది.

డిష్ తగలబెట్టారు.

నిన్న శుక్రవారం. నాలుగు రోజుల మబ్బు తర్వాత ఎండ కాసింది. మగవాళ్ళమందరం నమాజుకి పోయాం. ఎమినె అత్త మన ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఎండు పొగాకు కట్టలు కడుతోంది. ఒంటిగంట వార్తలకి ఇంకా పావుగంట ఉందనగా బొమ్మ తెల్లబారి, గుర్రుమని మోగి, పోయిందట. మేము వచ్చేసరికి కన్ను మూత కరిగి కడ్డీ వెంట కారుతోంది. లోపలి తీగలు నల్లగా మాడాయి. ప్లాస్టిక్ కాలిన కంపు రోడ్డుదాకా వచ్చింది. డిష్కి గీత కూడా పడలేదు. కన్ను ఒక్కటే. ఏం చేస్తే ఎక్కువ దెబ్బ తగులుతుందో తెలిసినవాడి పని. ఊళ్ళో మగవాళ్ళు లేని సమయం తెలిసినవాడి పని.

నేను నేరుగా ఊరి కొట్టు దగ్గరికి పోయాను. వెసెలిన్ మెట్ల మీద కూర్చుని సిగరెట్టు తాగుతున్నాడు. కాలరు పట్టుకుని లేపాను.

"మెరుపు ఆర్పావుగా."

"ఏం మెరుపు? వదులు."

"కన్ను కాల్చింది నువ్వే."

"నేను కాల్చాలనుకుంటే నీకు చెప్పి కాలుస్తాను. దొంగచాటుగా కాల్చడానికి నీకంత భయపడాలా నేను?"

గోడకేసి కొట్టాను. ముక్కులోంచి రక్తం వచ్చింది. ఆయన వయసు యాభై ఎనిమిది. తిరిగి కొట్టలేదు. చేత్తో రక్తం తుడుచుకుని నాకేసి చూశాడంతే. ఖాదిర్ మామ వెనకనుంచి నా నడుం పట్టుకుని లాక్కొచ్చాడు.

ఇంటికొచ్చి ఆ పునాది మీద కూర్చున్నాను. పద్నాలుగు బళ్ళు. గొట్టం వెంట్రుకవాసి కదల్లేదు. నేను కదిలాను అక్కా. ఎంత లోతుగా పోసినా వీళ్ళు మనల్ని ఉండనివ్వరు. అప్పుడు పేరు తీసుకున్నారు, తర్వాత నిన్ను తీసుకున్నారు, షెడ్డు తీసుకున్నారు, ఇప్పుడు ఇది. నువ్వు ముందే చూశావు. నేను మూర్ఖుణ్ణి.

కాయితం పంపు. గడువు లోపల సంతకం పెడతాను. మంచం వెనక్కి ఇవ్వకు.

ఫిక్రెత్


బుర్సా,
19 అక్టోబరు 1992

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇస్మెత్ అన్న శుక్రవారం తెచ్చాడు. చదివి ఏడ్చాను. నువ్వు కాయితం పంపమన్నందుకు కూడా ఏడ్చాను, అది సంతోషమే. అబద్ధం ఎందుకు?

శనివారం డిష్ల దుకాణానికి పోయాను. వస్తూ వస్తూ ఇక్కడ కూడా డిష్ పెట్టుకుంటావని, ఇంకో కన్ను ధర అడుగుదామని. పాతది ఎలా కాలిందని కుర్రాయన అడిగాడు. చెప్పాను. ఆయన కౌంటరు మీద మోచేతులు పెట్టుకుని ముందుకి వంగాడు.

"ఏ తేదీ?"

"తొమ్మిది."

"ఎన్నింటికి?"

"ఒంటిగంటకి పావుగంట ముందు."

"ఎండ ఉందా? డిష్ తళతళలాడుతుందా?"

"ముఖం చూసుకోవచ్చట."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. తర్వాత ఒక కాయితం మీద గీసి చూపించాడు. ఏడాదికి రెండుసార్లు, ఆకురాలే కాలంలో ఒకసారి, చలి తగ్గేటప్పుడు ఒకసారి, కొన్ని రోజులపాటు, సూర్యుడు సరిగ్గా ఆ డిష్ చూసే చోటుకి వెనకే వచ్చి నిలబడతాడట. కొద్ది నిమిషాలే. మామూలు డిష్లకి బొమ్మ చెడి మళ్ళీ వస్తుంది. కానీ అద్దంలా ఉన్న డిష్ ఎండనంతా పోగుచేసి కన్ను మీద పోస్తుంది, మనం చిన్నప్పుడు భూతద్దంతో కాయితం కాల్చినట్టు. అందుకే కొట్లో అమ్మే డిష్లకి మెరవని రంగు వేస్తారట.

ఎవరూ కాల్చలేదు, ఫిక్రెత్. సూర్యుడు కాల్చాడు. నువ్వు తోమిన తోముడు కాల్చింది. ఆ వెసెలిన్ బూడిదరంగు పూసెయ్యమని ముందే చెప్పాడు.

ఇంకో మాట కూడా అన్నాడు కుర్రాయన. "సూర్యుడి మంట సరిగ్గా కన్ను మధ్యలో పడిందంటే మీ తమ్ముడు దిక్కు పెట్టడంలో వేలెడు కూడా తప్పలేదు. ఏ పరికరంతో కొలిచాడు?" పిల్లల కోణమాని, దారం, నట్టు అని చెప్పాను. ఈసారి నవ్వలేదు.

ఇప్పుడు నా తప్పు. ఇది నాకు శనివారం తెలిసింది. ఇవాళ సోమవారం. ఈ రెండు రోజులు ఉత్తరం రాయకుండా మంచం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంకో పన్నెండు రోజులు నోరు మూసుకుంటే నువ్వు వచ్చేస్తావు. వచ్చాక ఎప్పుడో నవ్వుకుంటూ చెప్పొచ్చు అనుకున్నాను. మా ఆయన కూడా, "ఊరుకో, కుర్రాడు వస్తున్నాడుగా" అన్నాడు.

అప్పుడు రొట్టె దుకాణం దగ్గరావిడ గుర్తొచ్చింది. మమ్మల్ని తరిమితే వచ్చాం. వచ్చినచోట కూడా తరిమినవాళ్ళలాగే నడుస్తాం, పక్కలు చూసుకుంటూ. మూడేళ్ళైనా ఆ నడక పోలేదు. నిన్ను ఎవరూ తరమడం లేదు, తమ్ముడూ. లేని శత్రువుకి భయపడి నువ్వు సరిహద్దు దాటితే, దాటించింది నేనవుతాను. ఇంట్లో తరమబడ్డవాళ్ళు ఒకరు చాలు.

కాయితం ఇందులోనే ఉంది. కొత్త కన్ను కూడా ఇస్మెత్ అన్న చేతికి ఇచ్చాను. రెండూ ఒకే సంచిలో పెట్టాను. ఏది వాడుకుంటావో నీ ఇష్టం. నేను అడగను.

ముందు వెళ్ళి ఆ ముసలాయన ముక్కు సంగతి చూడు.

నీ అక్క
నెఫిజె


సరికయ,
12 నవంబరు 1992

అక్కా,

గడువు దాటిన పన్నెండో రోజు రాస్తున్నాను కాబట్టి ఏది వాడానో నీకు తెలుసు.

నీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను. చదవడం అయ్యాక డిష్ దగ్గరికి పోయి చూశాను. నా ముఖం అందులో తలకిందులుగా, ఇంత పెద్దగా, కోపంగా ఉంది. సార్జెంటు మీసం గుర్తొచ్చింది. వాడు నా చేతుల్లోకి ఎక్కించిన తోముడు మూడేళ్ళ తర్వాత నా కన్ను కాల్చింది. ముతక ఇసుక తెచ్చి ఆ మెరుపంతా గీకి పారేశాను. ఒక పూట పట్టింది. తోమడానికి మూడు రోజులు పట్టింది.

తర్వాత కొండ ఎక్కాను. వెసెలిన్ గుడిసె ముందు కట్టెలు కొడుతున్నాడు. ముక్కు మీద ఇంకా పసుపుపచ్చగా కమిలి ఉంది. నన్ను చూసి గొడ్డలి కింద పెట్టలేదు.

"నువ్వు కాల్చలేదు. ఎండ కాల్చింది. నేను తప్పు చేశాను" అన్నాను.

"ఎండ."

"ఎండ. మెరుపు వల్ల."

"రంగు పూయమని చెప్పానా లేదా?"

"చెప్పావు."

"నీకే మంచిదని కూడా చెప్పాను."

"చెప్పావు. నువ్వు చెప్పావు కాబట్టే పూయలేదు."

గొడ్డలి మొద్దులోకి దింపి నాకేసి చూశాడు. నేను కూడా తల దించలేదు, కానీ చేతులు వెనక పెట్టుకున్నాను. "కొట్టాలనుంటే కొట్టు" అన్నాను.

"యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి, చెయ్యి నొప్పి పెడుతుంది. కూర్చో."

పళ్ళ సారా పోశాడు. మా ఇంట్లో తాగరని తెలిసి మళ్ళీ లేచి టీ పెట్టాడు. లోపల బూడిదరంగు డబ్బా సగం ఉంది, అటవీ శాఖ గేట్లకి వేసేది. అస్సలు మెరవదు. అది నా ముందు పెట్టి, "ఫుట్‌బాల్ వస్తుందా దాంట్లో?" అన్నాడు.

"వస్తుంది."

"నాకూ ఒకటి చెయ్యి. నా కూతురు వర్నాలో ఉంది, ఆదివారం కూడా రాదు. ఇక్కడ నాతో మాట్లాడేది గుడ్లగూబ ఒక్కటే."

చేస్తున్నాను. మీటరున్నర. కింది వీధిలో ఇంకో రెండు. ఇది బతుకుతెరువు అవుతుందేమో, కాదేమో. షెడ్డులో కాయితం చదివినాయనకి ఒకటి ఊరికే చేసిపెడదామనుకుంటున్నాను, మావాళ్ళ దగ్గరే ఉన్నానని తెలియాలి కదా.

ఆఫీసునుంచి కాయితం వచ్చింది. డిష్కి దరఖాస్తు పెట్టుకోవాలట, లేకపోతే పీకేయాలట. దరఖాస్తులో పేరు అన్న గడి ఉంది. ఫిక్రెత్ అని రాయడానికి ఆ గడి సరిపోలేదు, నేను అంత పెద్దగా రాశాను. గుమాస్తా, "చిన్నగా రాయొచ్చుగా" అంది. "చిన్నగా రాసిన రోజులు అయిపోయాయి" అన్నాను. ముద్ర కొట్టింది.

ఇక గేటు సంగతి. నెలన్నర రాయలేనిది ఇప్పుడు రాస్తాను. ఆ రోజు నేను బరాక్లోనే ఉన్నాను. గంగాళం తోముతున్నాను. గేటు అక్కడికి కనపడుతుంది. గేటు దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉందని ఎవరో అన్నారు. ఎవరి తాలూకో అనుకుని మీసం కనపడేదాకా తోముతూ ఉండిపోయాను. నువ్వు ఆ పేరు చెప్పి ఉంటే నన్ను పిలిచేవాళ్ళు. నేను వచ్చేవాణ్ణి. వచ్చి నీతో పోట్లాడేవాణ్ణి, నువ్వు కూడా ఆ పేరే అన్నావా అని. మనం అలా విడిపోయి ఉండేవాళ్ళం. ఆ పేరు అనలేదని ఇంకెప్పుడూ బాధపడకు. పొయ్యి మీద చిక్కుడుగింజల గిన్నె కడిగి పెట్టాను, ఇప్పుడు అందులోనే వండుకుంటున్నాను.

డిష్ వెనక, రంగు వేసే ముందు, ఉక్కు చట్రం మీద వెల్డింగు కడ్డీతో నా పేరు రాశాను. ఒక్కో అక్షరం జానెడు. తుప్పు పట్టినా చెరగదు. నువ్వు వచ్చినప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. రోడ్డు మీంచి చదువుకుని లోపలికి వచ్చెయ్. రావడానికి నీకేమీ గడువు లేదు. మంచం మాత్రం వెనక్కి ఇవ్వకు, పిల్ల పెరుగుతోందిగా.

నిన్న పొద్దున కొత్త కన్ను బిగించాను. దిక్కు ముట్టుకోలేదు. సూర్యుడే సరిచూసి పోయినదాన్ని నేనెందుకు కదుపుతాను? ఎమినె అత్త కిటికీలో, ఖాదిర్ మామ కుర్చీలో, వెసెలిన్ గుమ్మం దగ్గర, లోపలికి రమ్మంటే బూట్లకి బురద అన్నాడు. మీట నొక్కగానే వచ్చింది. ఒకమ్మాయి పటం ముందు నిలబడి వాతావరణం చెబుతోంది. ఒక్కో ఊరి పేరే చదువుకుంటూ వచ్చింది. మీ ఊరి పేరు దగ్గర ఎమినె అత్త నా చెయ్యి పట్టుకుంది.

బుర్సాలో గురువారం పొద్దుటినుంచీ వాన అంది. సాయంత్రం దాకా తగ్గదట.

ఇవాళే గురువారం. మిల్లుకి పోయేటప్పుడు గొడుగు తీసుకెళ్ళావా?

ఫిక్రెత్